బండిలోనే ఇల్లు: అమ్మానాన్నతో ఇంగ్లండ్ పల్లెల్లో తొమ్మిది రాత్రులు

అమ్మా నాన్నా రెడింగ్‌లో మా ఇంటికొచ్చి అప్పటికి ఐదు వారాలు. మొదటి వారం లండన్ తిప్పాం, రెండో వారం ఆక్స్‌ఫర్డ్. మూడో వారం నుంచి నాన్న ముందుగదిలో సోఫాలో కూర్చుని, కిటికీలోంచి పార్కింగులో కార్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. సాయంత్రం నేను ఆఫీసు పని ముగించగానే రిపోర్టు ఇచ్చేవాడు. "నీలం కారాయన ఇవాళ బయటికి పోలేదమ్మా, ఒంట్లో బాలేదేమో."

పిడుగురాళ్ల దగ్గర ఇరవై ఏళ్లు సున్నపు బట్టీ నడిపి, ఆ తర్వాత మిరప తోట పెట్టుకున్న మనిషి ఆయన. పనీపాటా లేకుండా కూర్చోబెడితే మనిషి చిక్కిపోతాడు. ఎక్కడికైనా తీసుకెళ్దామంటే హోటలు భోజనం ఇద్దరికీ పడదు. రెండు రోజులు బ్రెడ్డు తింటే నాన్నకు కడుపు ఉబ్బరం, ఒకళ్లు కప్పుకున్న దుప్పటి కప్పుకోవాలంటే అమ్మకు చిరాకు. మా వంట మేం వండుకుంటూ, మా దుప్పట్లు మేం కప్పుకుంటూ తిరగాలి. మోటర్‌హోమ్ ఆలోచన అలా వచ్చింది. ఏదో సాహసం చేద్దామని కాదు, సాంబారు కోసం.

డ్రైవింగ్ ఎవరిది అన్న దగ్గర మొదటి చిక్కు. మా ఆయన ఇక్కడ ఆటోమేటిక్ కారు మీద పరీక్ష పాసయ్యాడు. ఈ దేశంలో అలా పాసైతే గేర్ల బండి ముట్టుకోకూడదు. అద్దెకు దొరికే మోటర్‌హోమ్‌లు ఎక్కువగా గేర్లవే. నేను గేర్ల కారు మీద పాసయ్యాను కాబట్టి స్టీరింగు నాకొచ్చింది. మామూలు కారు లైసెన్సుతో మూడున్నర టన్నుల దాకా నడపొచ్చు. 1997కి ముందు పాసైనవాళ్లకు ఏడున్నర టన్నుల దాకా ఉంటుంది గానీ, అప్పటికి నేను లాగూలేసుకుని బడికెళ్తున్నాను.

జులై మొదటి వారంలో బయల్దేరేలా బుక్ చేశాం. నెలాఖర్లో ఇక్కడి స్కూళ్లకు సెలవులిస్తారు. ఆ తర్వాత అద్దె పెరుగుతుంది, క్యాంప్‌సైట్లలో జాగా దొరకదు. పిల్లల్లేనివాళ్లు, బడి బాధ లేనివాళ్లు దానికి ముందే వెళ్లి రావడం మంచిది. మాకు రోజుకు 140 పౌండ్లు పడింది. వెయ్యి పౌండ్లు డిపాజిట్టు.

బండి అప్పగించిన కుర్రాడు గంటన్నరసేపు గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. నీళ్ల ట్యాంకు ఇక్కడ, వాడిన నీళ్ల ట్యాంకు అక్కడ, గ్యాస్ సిలిండర్లు ఈ తలుపు వెనక, బాయిలర్ ఇలా, హీటరు అలా. ఫ్రిజ్ మూడు రకాలుగా నడుస్తుంది: బండి కదులుతున్నప్పుడు బ్యాటరీ, సైట్లో కరెంటు, కరెంటు లేనిచోట గ్యాసు. ఇంకా చాలా చెప్పాడు. మా ఆయన మొత్తం ఫోనులో వీడియో తీశాడు, అది లేకపోతే మొదటి రాత్రే బండి తిరిగిచ్చేసేవాళ్లం. ఎవరైనా వెళ్లదలిస్తే ముందు ఈ ఒక్క పని చెయ్యండి.

ఆ కుర్రాడు చివర్లో మా అమ్మ సామాను చూసి కాసేపు మాట్లాడలేదు. పది కిలోల బియ్యం, రెండు కుక్కర్లు, మిక్సీ, పచ్చళ్ల సీసాలు, ఇడ్లీ పాత్ర, ఇనప పెనం. మూడున్నర టన్నులంటే ఖాళీ బండి బరువు కాదు. మనుషులు, నీళ్లు, గ్యాసు, బియ్యం అన్నీ కలిపి అంత దాటకూడదు. మా బండిలో మేం నలుగురం ఎక్కాక ఇక సామానుకు పెద్ద చోటు మిగల్లేదు. ట్యాంకు నిండా నీళ్లు పడితే అదే వంద కిలోలు. "సైటుకు చేరాక నింపుకోండి, దారిలో పావు ట్యాంకు చాలు" అన్నాడు. అమ్మ ఇనప పెనం మాత్రం దించలేదు. "పది లీటర్ల నీళ్లు తగ్గించుకోండి, పెనం ఉంటే అట్లు వస్తాయి."

ఏడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల ఎత్తు. డ్రైవరు కళ్లెదురుగా ఒక స్టిక్కరు: ఎత్తు 9 అడుగుల 10 అంగుళాలు. ఇక్కడ వంతెనల మీద ఎత్తు అడుగుల్లో కూడా రాస్తారు కాబట్టి ఆ అంకె నాకు తొమ్మిది రోజులు మంత్రంలా నోట్లో ఆడింది. నాన్న నా పక్క సీట్లో కూర్చున్నాడు. మొదటి పది మైళ్లు డోరు పిడి వదల్లేదు. తర్వాత మెల్లగా, "ఆర్టీసీ బస్సు మాదిరి తోల్తున్నావమ్మా" అన్నాడు. అది మెచ్చుకోలో, బెదురో ఇప్పటికీ అడగలేదు.

ఆక్స్‌ఫర్డ్ దాటుతుండగా ఒక రౌండబౌట్ దగ్గర వెనకనుంచి ఠపీమని చప్పుడు. ఆ తర్వాత అమ్మ కేక. బండి కదిలేముందు ప్రతి అలమరా గొళ్లెం పడిందో లేదో చూసుకోవాలని కుర్రాడు మూడుసార్లు చెప్పాడు. మేం రెండు చూసి మూడోది వదిలేశాం. ఆ మూడోదాంట్లో ఆవకాయ సీసా ఉంది. సీసా పగల్లేదు, మూత ఊడింది. నూనె నేలమీద పారి, మెట్టు దాకా వచ్చి, అక్కడ ఉన్న మా ఆయన తెల్ల బూట్లలోకి దిగింది. పక్కకు ఆపి, అరగంట సేపు వంటగది కాగితాలతో తుడిచాం. ఆ తొమ్మిది రోజులూ బండి తలుపు తీస్తే ముందు ఆవపిండి వాసన పలకరించేది. సైట్లో పక్క బండ్లవాళ్ల కుక్కలు రోజుకోసారి వచ్చి మా మెట్టు నాకి, ముక్కులు చీదుకుంటూ పోయేవి.

మొదటి మజిలీ కాట్స్‌వోల్డ్స్‌లో, బోర్టన్ ఆన్ ది వాటర్ దగ్గర్లో రెండు రాత్రులు. దారి పక్కన ఎక్కడ బాగుంటే అక్కడ ఆపి పడుకోవచ్చని మా ఆయన ఇంట్లో కూర్చుని కలలు కన్నాడు. ఇంగ్లండ్‌లో అలా కుదరదు. స్థలం ఎవరిదో వాళ్ల అనుమతి ఉండాలి. అందుకే అన్ని రాత్రులకూ ముందే సైట్లు బుక్ చేసుకున్నాం. మధ్యాహ్నం ఒంటిగంట తర్వాత రానిస్తారు, వెళ్లే రోజు పన్నెండు లోపు ఖాళీ చెయ్యాలి. బండికీ బండికీ మధ్య ఆరు మీటర్లు ఎడం ఉండాలి. ఒకదానికి నిప్పంటుకుంటే ఇంకోదానికి పాకకుండా.

జాగాలో బండి పెట్టి, అమ్మయ్య అనుకుని స్టౌ మీద పెనం పెట్టింది అమ్మ. పిండి పోస్తే అట్టు ఒక పక్కకే జారింది. బండి వాలుగా ఉంది. అలాగే పడుకుంటే రక్తమంతా తలకెక్కుతుందట, ఫ్రిజ్ కూడా గ్యాసు మీద సరిగ్గా పనిచెయ్యదట. చక్రాల కింద పెట్టడానికి మెట్లు మెట్లుగా ఉన్న ప్లాస్టిక్ ర్యాంపులు రెండు ఇచ్చారు. నేను ఎక్కించడం, మా ఆయన దిగి చూసి "ఇంకొంచెం" అనడం, మళ్లీ దిగజారడం. నాలుగుసార్లయ్యాక నాన్న లేచాడు.

"రసమట్టం లేదా అమ్మా?"

లేదన్నాను. స్టీలు పళ్లెంలో అంచు దాకా నీళ్లు పోసి నేలమీద సరిగ్గా నడిమధ్యన పెట్టాడు. తను మోకాళ్ల మీద కూర్చుని, నీళ్లు ఏ అంచుకు ఎక్కుతున్నాయో చూస్తూ, "కుడి ముందు చక్రం, ఒక మెట్టు. చాలు, చాలు" అన్నాడు. ఒక్కసారికే కుదిరింది. ఆ రోజు నుంచి ఏ సైటుకు వెళ్లినా, నేను ఇంజను ఆపకముందే నాన్న చేతిలో పళ్లెం ఉండేది. ఐదు వారాల్లో మొదటిసారి ఆయన ముఖంలో ఆ పాత హడావిడి చూశాను.

కరెంటు సంగతి ఇంకో రకం. ప్రతి జాగా దగ్గర ఒక చిన్న స్తంభం, దాన్నుంచి బండికి నీలం రంగు ప్లగ్గు ఉన్న కేబుల్. ఆ సైట్లో ఇచ్చేది 10 ఆంప్స్. అంటే దాదాపు 2,300 వాట్లు. రైస్ కుక్కర్ ఉడుకుతుండగా మా ఆయన టీకి కెటిల్ నొక్కాడు. చీకటి. స్తంభం దగ్గరికెళ్లి స్విచ్చి ఎత్తాం. ఐదు నిమిషాలకు అమ్మ మిక్సీ వేసింది, మళ్లీ చీకటి. అప్పట్నుంచి ఏది నొక్కే ముందైనా "వేస్తున్నా" అని అరవాలని రూలు పెట్టుకున్నాం. పక్క బండిలో పెద్దావిడ ఒకావిడ రెండో రోజుకల్లా ఆ మాట నేర్చుకుని, మమ్మల్ని చూసినప్పుడల్లా "వేస్తున్నా" అని చెయ్యూపేది. నమస్కారం లాంటిది అనుకున్నట్టుంది.

ఇక అసలు విషయం. బండిలో మరుగుదొడ్డి స్టౌకు ఒకటిన్నర అడుగు దూరం. చెక్క తలుపు ఒకటి అడ్డం. కింద క్యాసెట్ అనే డబ్బా ఉంటుంది, అందులో నీలం రంగు మందు పోస్తారు. నిండాక బండి బయటినుంచి ఆ డబ్బా లాగి, చక్రాల మీద సూట్‌కేసులా దొర్లించుకుంటూ తీసుకెళ్లి, సైట్లో దానికోసమే కట్టిన చోట పారబోసి, కడిగి తెచ్చి పెట్టాలి. ఇది విన్న అమ్మ, "నేను చచ్చినా అందులో వెళ్లను, వండే చోట అదేం పని" అంది. సైట్లో శుభ్రమైన బాత్రూములు ఉన్నాయి కాబట్టి ఎంత రాత్రయినా టార్చి పట్టుకుని అక్కడికే. నాన్న తోడు. పారబోసే పని మా ఆయనది. అది చేసొచ్చినవాళ్లు తలస్నానం చెయ్యకుండా బండి ఎక్కకూడదని అమ్మ శాసనం. పాపం ఆయన, ఒక చేత్తో డబ్బా లాక్కుంటూ, భుజం మీద తువ్వాలు, జేబులో సబ్బు. "మన అల్లుడుగారికి ఎంత కష్టం వచ్చింది" అని అమ్మే మళ్లీ జాలిపడేది. డబ్బా ఇంటిల్లిపాదిదీ, కష్టం ఆయనొక్కడిదీ.

బోర్టన్ గురించి పెద్దగా రాయను. తేనె రంగు రాతి ఇళ్లు, ఊరి నడుమ విండ్‌రష్ నది, దానిమీద పొట్టి రాతి వంతెనలు. ఫోటోల్లో ఎలా ఉంటుందో అలాగే ఉంది. కానీ ఆ ఫోటో తీసుకోవడానికి వచ్చిన జనమే అక్కడ ఎక్కువ. కారు పార్కింగుకు ఎత్తు అడ్డుకర్ర పెట్టారు, మా బండి దూరదు. సైట్లోనే వదిలి నడిచాం. "నది అన్నారు, మోకాలు దాకా కూడా లేదే" అంది అమ్మ. నాన్న ఇళ్లకంటే పొలాల అంచున ఉన్న గోడల్ని ఎక్కువసేపు చూశాడు. సిమెంటు లేదు, మట్టి లేదు. రాయి మీద రాయి, అంతే. వేలు పెట్టి సందుల్లో పొడిచి చూసి, "ఎట్టా నిలబడిందబ్బా ఇది" అనుకున్నాడు.

రెండో మజిలీ డెర్బీషైర్‌లో, హార్టింగ్టన్ దగ్గర ఒక పొలంలో. ఐదు బండ్లకు మించి పెట్టుకోనివ్వని చిన్న జాగాలు రైతుల పొలాల్లో చాలా ఉన్నాయి. వీటికి గుర్తింపునిచ్చే క్యారవాన్ క్లబ్బులో సభ్యులైతే, పెద్ద సైట్లలో అయ్యే ఖర్చులో సగానికే వీటిలో ఉండొచ్చు. సభ్యత్వం కట్టినా మాకు గిట్టుబాటయింది. బాత్రూములు ఉండవు. కుళాయి, డబ్బా పారబోసే చోటు, కరెంటు, ఆవులు. అంతే.

అక్కడికి చేరడమే ఒక పరీక్ష. చివరి రెండు మైళ్లు ఒకే బండి పట్టే దారి. రెండు వైపులా రాతి గోడలు, అద్దాలకూ గోడకూ మధ్య జానెడు. ఎదురుగా గడ్డి మోపులేసుకుని ట్రాక్టరు వచ్చింది. పక్కకు తప్పుకునే చోటు నా వెనక రెండొందల గజాల దూరంలో. చెమటలు పట్టాయి. మా ఆయన దిగి వెనక నడిచాడు, నాన్న కిటికీలోంచి తల బయటపెట్టి "రానీ, రానీ, రానీ, ఆఁ ఆపు, ఎడమకి కొట్టు" అని లారీ క్లీనరులా చెప్పాడు. బట్టీకి రాయి తోలే ట్రాక్టర్లను ఇరవై ఏళ్లు వెనక్కి పెట్టించిన గొంతు అది. ట్రాక్టరాయన ఓపిగ్గా ఆగి, దాటేటప్పుడు స్టీరింగు మీంచి ఒక్క వేలు ఎత్తాడు. పల్లెదారుల్లో దండం పెట్టడమంటే అదే. సాయంత్రానికి నాన్న కూడా ఎదురొచ్చిన ప్రతి బండికీ వేలెత్తడం మొదలుపెట్టాడు.

ఆ రాత్రి వాన. బండి పైకప్పు మీద వాన పడితే లోపల రేకుల షెడ్డులో ఉన్నట్టే ఉంటుంది. రెండు గంటలప్పుడు మెలకువ వచ్చి చూస్తే అమ్మ మంచం మీద లేచి కూర్చుని ఉంది. బాత్రూములు లేని పొలం, బయట చిమ్మచీకటి, కుండపోత. కాసేపటికి చెక్క తలుపు కిర్రుమంది. పొద్దున ఎవరం ఆ ప్రస్తావన తేలేదు. అమ్మ మాత్రం లేచిన వెంటనే ఆ చిన్న గదంతా డెట్టాలుతో కడిగింది. తలుపుకు మామిడాకులు కట్టలేదు గానీ, అంత పని చేసింది. ఆ తర్వాత టార్చి ప్రయాణాలు లేవు.

ఇక్కడి గోడలు తేనె రంగువి కావు, బూడిద కలిసిన తెలుపు. వాన వెలిశాక నాన్న ఒక ముక్క తీసి, ఇంకో రాయికేసి కొట్టి, విరిగిన చోట నాలిక తగిలించి చూశాడు. మా ఆయన నావైపు చూశాడు. "సున్నపురాయి బాబూ. మన రాయే ఇది" అన్నాడు నాన్న. డెర్బీషైర్‌లో ఈ భాగమంతా సున్నపురాయి నేల. ఇక్కడివాళ్లు వైట్ పీక్ అంటారు. ఆయనకు ఆ పేరు చెప్పాల్సిన పని లేకపోయింది.

మూడో మజిలీ యార్క్‌షైర్ డేల్స్. సెటిల్ ఊరి దగ్గర నాలుగు రాత్రులు అనుకున్నాం, బుద్ధి పుట్టి అనుకున్నట్టున్నాం. ఒకే చోట ఉండిపోవడంలో ఉన్న సుఖం నాకు అక్కడే తెలిసింది. పొద్దున్నే తలుపు తీసి మెట్టు మీద కూర్చుని కాఫీ. ఎదురుగా గుట్ట మీద గొర్రెలు. గుట్ట ఎంత నిటారుగా ఉన్నా గోడలు దాన్ని వదల్లేదు, పాపిట తీసినట్టు నేరుగా పైకి పోయాయి. యార్క్‌షైర్ డేల్స్ జాతీయ పార్కులో ఇలాంటి గోడలు ఐదు వేల మైళ్లకు పైగా ఉన్నాయి. పద్దెనిమిది, పంతొమ్మిది శతాబ్దాల్లో ఉమ్మడి బీళ్లను చట్టాలు చేసి పంచేసినప్పుడు హద్దులుగా వీటిలో చాలా లేచాయి. రాత్రి తొమ్మిదిన్నరకు కూడా వెలుతురే. "పొద్దు గుంకకుండా అన్నం ఎట్టా తినేది" అని అమ్మ, "గుంకేదాకా ఆగితే పస్తే" అని నాన్న.

రెండో రోజు పొద్దున నాన్న కనిపించలేదు. వెతికితే సైటు వెనక పొలంలో ఉన్నాడు. కూలిన గోడ గండిని ఆ పొలం రైతు మళ్లీ పేరుస్తున్నాడు. నాన్న చేతులు వెనక్కి కట్టుకుని, మేస్త్రి పని చూసే ఇంటి ఆసామిలా నిలబడ్డాడు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. ఆ రైతు యాస నాకే సగం అర్థమైంది. గోడ నిజానికి ఒకటి కాదట, రెండు. అడుగున వెడల్పుగా మొదలై, ఒకదానివైపు ఒకటి వాలుతూ పైకి లేస్తాయి. నడుమ చిన్న రాళ్లు కూరతారు. సగం ఎత్తులో రెండు వైపులనూ కలుపుతూ పొడుగు రాళ్లు అడ్డంగా వేస్తారు. పైన బరువుకు నిలువు రాళ్లు వరసగా. నేను అనువదిస్తుంటే నాన్న ఆపి, "తెలుస్తానే ఉందిలే అమ్మా" అన్నాడు. కూరే చిన్న రాళ్లను చూపిస్తూ రైతుతో తెలుగులోనే, "పని మొత్తం ఇందులోనే ఉంది" అన్నాడు. రైతు అవునన్నట్టు తలూపాడు.

మా వైపు పొలాల గట్లకు నాపరాళ్లు నిలబెట్టి పాతుతారు. పలకలు నేలలో దిగబడి నిలుస్తాయి. ఇలా పేర్చి నిలబెట్టడం ఆయనకు కొత్త. వంగి ఒక రాయి తీశాడు. అటూ ఇటూ తిప్పి చూసి, పనికిరాదని కింద పడెయ్యబోతే రైతు నవ్వి వేలు ఊపాడు. ఒకసారి చేతికెత్తిన రాయిని కింద పెట్టకూడదట, ఎక్కడో ఒకచోట పట్టించాలట. నాన్న ఆ రాయితో గోడ పొడవునా రెండుసార్లు నడిచి, ఒక సందు వెతికి, పెట్టి, అరచేత్తో కొట్టి చూశాడు. కదల్లేదు. నేను వంటకు వచ్చేశాను. మధ్యాహ్నం రెండింటికి వచ్చాడాయన, చేతుల నిండా గీతలతో, అరడజను కోడిగుడ్లతో.

"ఇంత దూరం వచ్చి కూలికి పోయావా" అంది అమ్మ. కోపం మాత్రం గుడ్ల మీద చూపించలేదు. పులుసు పెట్టింది. ఊరికే తీసుకోకూడదని సాయంత్రం ఆ రైతుకు పులిహోర కలిపి పంపింది. ఆ కలిపే హడావిడిలో పసుపు డబ్బా ఒలికి, వంటగట్టు మీద అరచెయ్యంత మరక పడింది. తెల్లటి గట్టు. సబ్బు, నిమ్మకాయ, వంటసోడా, ఏదీ పనిచెయ్యలేదు.

గిన్నె తిరిగివ్వడానికి వచ్చిన రైతుకు నాన్న తన పాత పని గురించి చెప్పమన్నాడు. చెప్పాను. ఆయన ఒక్క క్షణం ఆగి, చెయ్యి చాపి గుట్ట మొదట్లో ఒక రాతి దిబ్బ చూపించాడు. మేం రెండు రోజులుగా దాన్ని కూలిన పాక అనుకుంటున్నాం. దగ్గరికెళ్తే కింద ఒక కమాను, పైన నూతిలా గుండ్రటి గొయ్యి. నాన్న కమానులోకి వంగి పైకి చూసి, బయటికి రాకుండానే, "బట్టీ!" అని అరిచాడు. ఈ కొండ బీళ్లలో నేల పులుపు. సున్నం చల్లితే గాని మంచి గడ్డి మొలవదు. అందుకని పొలాల్లోనే రాయి కాల్చుకునేవాళ్లు. పైనుంచి ఒక వరస రాయి, ఒక వరస బొగ్గు, కిందనుంచి సున్నం తియ్యడం. అచ్చం మా నాన్న చేసిన పనే.

పెద్దది చూడాలంటే లాంగ్‌క్లిఫ్‌కు వెళ్లమన్నాడు రైతు. సెటిల్ పక్కనే. మర్నాడు వెళ్లాం. 1873లో కట్టిన హాఫ్‌మన్ బట్టీ అది. టికెట్ లేదు, కాపలా లేదు. రైలు కట్ట పక్కన చెట్ల మధ్య, పడుకున్న కొండచిలువలా ఒక పొడుగాటి రాతి కట్టడం. పక్కల్లో మనిషెత్తు ద్వారాలు. లోపలికెళ్తే సొరంగం. కమాను పైకప్పు, చల్లదనం, నీటి బొట్లు పడే చప్పుడు, చివర్లో మలుపు తిరిగి మళ్లీ అవతలి వైపుకు. మొత్తం 22 గదులు, మధ్యలో గోడల్లేకుండా గుండ్రంగా కలిసిపోయి ఉన్నాయి. ఒక గదిలో రాయి పేర్చి, పైన కన్నాల్లోంచి బొగ్గు పోసి కాలుస్తుంటే, ఆ వేడికి ముందు గది రాయి కాగుతూ ఉంటుంది. వెనక గది చల్లారుతుంటే సున్నం ఎత్తుకుంటారు. మంట ఆరదు. గది నుంచి గదికి జరుగుతూ చుట్టూ తిరిగి రావడానికి ఆరు వారాలు పట్టేదట.

బోర్డు మీద రాసింది నేను చదువుతుంటే నాన్న మధ్యలోనే గోడ దగ్గరికి నడిచాడు. కాలి కాలి గాజులా మెరుస్తున్న రాళ్ల మీద చెయ్యి వేశాడు. చాలాసేపు తియ్యలేదు.

"మన బట్టీలో మంట కదలదు, రాయి దిగుద్ది. వీళ్లదాంట్లో రాయి కదలదు, మంట నడుస్తది" అన్నాడు. కాసేపటికి, "ఇక్కడ సున్నం ఎత్తేవాళ్లు ఒంటికి ఏం పూసుకునేవాళ్లో" అన్నాడు. పిడుగురాళ్లలో మా బట్టీలో ఎత్తేవాళ్లు ఒళ్లంతా నూనె పూసుకుని, ముఖానికి తడిగుడ్డ కట్టుకునేవాళ్లు. చెమట పట్టిన చోట సున్నం పడితే తోలు లేచిపోతుంది. నాన్న ఎడమ మోచేతి మీద అలాంటి మచ్చ ఇప్పటికీ ఉంది. నా ప్రశ్నలకు సమాధానాలు బోర్డు మీద ఉన్నాయి, ఆయనదానికి మాత్రం లేదు. దీని పొగగొట్టాన్ని 1951లో కూల్చాలని ముహూర్తం పెట్టుకుంటే, ఆ లోపలే తనంతట తనే పడిపోయిందట. అది చెప్తే నాన్న నవ్వాడు. "బట్టీ పొగగొట్టాలు ఎవరి మాటా వినవు."

ఆ రాత్రి నాన్న తన స్నేహితుడికి వాట్సాప్‌లో గంటసేపు వివరించాడు. అక్కడ తెల్లవారుజాము మూడు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. 24 కమానుల రిబుల్‌హెడ్ వంతెన మీద రైలు వెళ్లేదాకా ఆగి చూశాం. హాస్‌లో వెన్స్‌లీడేల్ చీజ్ కొన్నాం, నాన్న దాన్ని ఆవకాయతో తిన్నాడు, బాగుందన్నాడు. బటర్‌టబ్స్ అనే కనుమ దారి ఎక్కుదామని మా ఆయన అన్నాడు, ఆ ఎత్తూ ఆ వెడల్పూ చదివి నేను ఒప్పుకోలేదు. తిరుగు దారి 240 మైళ్లు. ఒక రాత్రి మధ్యలో ఆగి, మర్నాడు రెడింగ్. మొత్తం 570 మైళ్లు, డీజిల్‌కు దాదాపు 130 పౌండ్లు, సైట్లకు 270. అద్దెతో కలిపితే నలుగురికి హోటల్లో రెండు గదులు తీసుకున్న దానికంటే పెద్ద తేడా ఏం రాలేదు. చవక అనుకుని మాత్రం వెళ్లకండి.

బండి అప్పగించే ముందు రెండు ట్యాంకులూ ఖాళీ చేసి, డబ్బా చివరిసారి కడిగి, డీజిల్ నింపి, ఆవకాయ మెట్టు మళ్లీ రుద్దాం. అదే కుర్రాడు వచ్చి చుట్టూ తిరిగాడు. గీతలు లేవు, అద్దాలు బాగున్నాయి. లోపలికెళ్లి గాలి పీల్చి ఏమీ అనలేదు. వంటగట్టు దగ్గర ఆగాడు. పసుపు మరక. వేలితో గీకాడు, పోలేదు. డిపాజిట్టులో 60 పౌండ్లు పట్టుకున్నాడు.

కారెక్కాక అమ్మ అడిగింది. "పసుపు మరకకు డబ్బులెందుకే? నాలుగు రోజులు ఎండ తగిలితే అదే పోద్ది కదా."

"నాలుగు రోజుల ఎండ ఈ దేశంలో వాళ్లెక్కణ్నుంచి తెస్తారే" అన్నాడు నాన్న, ఎదురొచ్చిన కారుకు వేలెత్తుతూ.